ఆస్టిన్ మూడీ సెంటర్: ఆటకైతే కళ్ళు మూసుకుని వెళ్ళండి

మా అమ్మాయి యూటీలో, అంటే టెక్సస్ యూనివర్సిటీలో, చేరాక ఈ అరీనాకి మా రాకపోకలు ఎక్కువయ్యాయి. బాస్కెట్‌బాల్ మ్యాచులు చూశాం, కచేరీకి కూడా వెళ్ళాం. రెండూ ఒకే కప్పు కింద జరిగినా రెంటికీ ఒకే మార్కులు వెయ్యలేను.

ముందు ఆట సంగతి. అంతకుముందు యూనివర్సిటీ జట్లు ఎర్విన్ సెంటర్‌లో ఆడేవి, అది 1977 నాటిది. గుండ్రంగా ఉంటుందని ఊళ్ళో అందరూ డ్రమ్ము అనేవారు. అందులో కోర్టుకీ జనానికీ మధ్య బోలెడు ఎడం. మూడీ సెంటర్ కట్టినవాళ్ళు ఆ లోటు బాగా పట్టుకున్నారు. కచేరీకి పదిహేను వేల మందికి పైగా పడతారు కానీ, బాస్కెట్‌బాల్ రోజున పైఅంతస్తుని తెరలతో మూసేసి 10,763 సీట్లకి కుదించేస్తారు. పైన అన్ని కుర్చీలున్నాయని కొత్తగా వచ్చినవాళ్ళకి తెలియను కూడా తెలియదు. అమ్మాయిల మ్యాచికి ఏడెనిమిది వేల మంది వచ్చినా హాలు కిటకిటలాడుతున్నట్టే ఉంటుంది. నన్నడిగితే ఈ కట్టడం మొత్తంలో అసలైన తెలివి ఈ తెరల్లోనే ఉంది.

కోర్టుని ఆనుకుని ఉన్న వరుసలు విద్యార్థులవి. కొరాల్ అంటారు. ఖరీదైన సీట్లు అక్కడ వేసి డబ్బు చేసుకోవచ్చు, వెయ్యలేదు. మా అమ్మాయి అక్కడే ఉంటుంది. "అంతసేపు నిలబడితే కాళ్ళు లాగవా అమ్మా?" అంటే, "కూర్చోడానికైతే ఇంట్లో టీవీ ఉందిగా నాన్నా" అంటుంది. ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డుకోని షాట్, వేసే అవతలి జట్టు పిల్ల మొహం మీదే అరుస్తారు వీళ్ళు. నేను కాలేజీ రోజుల్లో సిమెంటు కోర్టు మీద ఆడినవాణ్ణి, చూసేవాళ్ళు గట్టు మీద పదిమంది ఉంటే గొప్ప. ఆ పిల్లని చూస్తే నాకే చెమటలు పడతాయి.

మనలాంటివాళ్ళకి కింది అంతస్తులోనే పక్కవైపు, పన్నెండో పదిహేనో వరుస ప్రశస్తం. బూట్లు చెక్క మీద కిర్రుమనడం వినిపిస్తుంది, ఎవరు ఎవరికి స్క్రీన్ పెడుతున్నారో, అంటే తమ జట్టువాళ్ళ కోసం అవతలివాళ్ళకి అడ్డంగా నిలబడుతున్నారో కూడా కనిపిస్తుంది. మరీ ముందుకెళ్తే ఆట అంతా మోకాళ్ళ ఎత్తులోనే కనబడుతుంది.

ఇక కచేరీలు. ధ్వని బాగుంటుంది, కాదనను. కానీ టికెట్ ధర చూస్తే ఇది యూనివర్సిటీ ఆవరణలో ఉందని నమ్మబుద్ధి కాదు. దానికో కారణముంది. సుమారు 37.5 కోట్ల డాలర్ల ఈ కట్టడానికి యూనివర్సిటీ తన ఖజానా తియ్యలేదు. మూడీ ఫౌండేషన్ 13 కోట్లు విరాళమిచ్చింది, అరీనాలు నడిపే ఓక్ వ్యూ గ్రూప్ అనే కంపెనీ కట్టి, 35 ఏళ్ళు నడుపుకునే హక్కు తీసుకుంది. పెట్టినవాడు రాబట్టుకుంటాడు కదా. ఆ కాంట్రాక్టు బిడ్డింగులో కుమ్మక్కయ్యారంటూ 2025 జులైలో ఆ సంస్థ అధిపతి మీద ఫెడరల్ అభియోగం కూడా పడింది. ఆ ఏడాది డిసెంబరులోనే అమెరికా అధ్యక్షుడి క్షమాభిక్ష వచ్చేసింది. ఎవరి తిప్పలు వాళ్ళవి. ఫీజులు కడుతున్న తండ్రిగా మాత్రం, కట్టడం ఖర్చు మా పిల్లల నెత్తిన రుద్దలేదనే సంతోషం నాకుంది.

పార్కింగు దగ్గర జాగ్రత్త. మ్యాచి రాత్రి ఐ-35 హైవే పక్కనున్న ఓ ప్రైవేటు లాట్‌లో బోర్డు మీద ఒక రేటు, తీరా ఫోన్లో కడితే ఇంకో రేటు పడింది. అడుగుదామంటే మనిషి లేడు. ఈస్ట్ క్యాంపస్ గ్యారేజీలో ముందే బుక్ చేసుకుని నడవడం మేలు. ఐ-35 తవ్వకాలు ఇప్పట్లో అయ్యేలా లేవు, అరగంట ముందే బయల్దేరండి. లోపల నోట్లు చెల్లవు, కార్డు ఉండాలి. పెద్ద బ్యాగులూ వద్దు. మా ఆవిడ చెగోడీల డబ్బా కారులోనే ఉండిపోయింది.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు జనవరి, ఫిబ్రవరుల్లో అమ్మాయిల మ్యాచి ఏదైనా చూసుకోండి. అబ్బాయిల మ్యాచికన్నా టికెట్ చవక, ఆట మాత్రం తీసిపోదు. 2025లో ఫైనల్ ఫోర్, అంటే జాతీయ కాలేజీ పోటీల సెమీఫైనల్స్, దాకా వెళ్ళిన జట్టు. గట్టి ప్రత్యర్థి సౌత్ కరోలినాతో మ్యాచి అయితే మాత్రం టికెట్లు పెట్టిన రోజే కొనేయండి.