నాలుగేళ్లుగా వీసీవీ రాక్: ఒకటిన్నర శ్రుతి కోసం మొదలెట్టిన మాడ్యూల్

గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద గదిలో, ఫ్యాను కూడా వేడిగాలే కొట్టే 2021 వేసవిలో వీసీవీ రాక్ మొదలెట్టా. తెలియనివాళ్లకు రెండు ముక్కలు: యూరోరాక్ సింథసైజర్‌ని, అంటే విడివిడి మాడ్యూళ్లను కేబుళ్లతో కలిపి శబ్దం పుట్టించే ఎలక్ట్రానిక్ వాయిద్యాన్ని, కంప్యూటర్ తెర మీదికి తెచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది. మాడ్యూళ్లు పక్కపక్కన పేర్చి కేబుళ్లు గుచ్చుకోవడమే. ఆండ్రూ బెల్ట్ 2017లో విడుదల చేశాడు. ఉచిత వెర్షన్ విడిగా నడుస్తుంది. వేరే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపల ప్లగిన్‌గా కావాలంటే ప్రో కొనాలి, నాకు ఆ అవసరం పడలేదు.

సొంత మాడ్యూల్ కోరిక మా అక్క వల్ల పుట్టింది. విజయవాడ సత్యనారాయణపురంలో పిల్లలకు వీణ నేర్పుతుంది. తంబురా మోగుతుంటే రాగంలోని స్వరాలు ఒక్కొక్కటే వినిపించాలి, పిల్లలు గుర్తుపట్టాలి. నేనేదో క్వాంటైజర్ (వచ్చిన వోల్టేజీని దగ్గరి స్వరానికి సర్దే మాడ్యూల్) పెట్టి చూపిస్తే, "సీ షార్ప్ ఏంట్రా, ఒకటిన్నర అని రాయలేవూ?" అంది.

రాక్‌లో ఒక వోల్టు అంటే ఒక స్థాయి. సున్నా వోల్టులు ఒకటో శ్రుతి అనుకుంటే, ఒకటిన్నరకి వోల్టులో పన్నెండో వంతు, 0.083. ఆ పన్నెండో వంతే ఒక మెట్టు. షడ్జం నుంచి మెట్లు లెక్కపెడితే మాయామాళవగౌళ అంటే 0, 1, 4, 5, 7, 8, 11. మాతృరాగాలను వరసగా పేర్చిన మేళకర్త పద్ధతే ఒక లెక్క కాబట్టి 72 రాగాలూ ఒక్క మధ్యాహ్నంలో ఎక్కించేశా. కాంభోజి దగ్గర ఆగిపోయా. ఎక్కేటప్పుడు నిషాదం లేదు, దిగేటప్పుడు ఉంది. అంటే ముందు స్వరం ఏదో మాడ్యూల్ గుర్తుపెట్టుకోవాలి. అదీ రాశా. స్వరాన్ని ఊపి పలికించే గమకం మాత్రం ఈ మెట్ల లెక్కకు లొంగదు.

నాకు బాగా నచ్చింది ప్యానెల్, అంటే తెర మీద కనిపించే మాడ్యూల్ ముఖం, తయారీ. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో 128.5 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మ గీసి, నాబ్ ఉండాల్సిన చోట ఎర్ర చుక్క, ఇన్‌పుట్‌కి పచ్చ, అవుట్‌పుట్‌కి నీలం పెడితే చాలు. రాక్ వాళ్లిచ్చిన స్క్రిప్టు ఆ చుక్కలు చూసి సీ ప్లస్ ప్లస్ కోడ్ అస్థిపంజరం రాసిచ్చేస్తుంది. అక్షరాలను ముందే గీతలుగా మార్చాలి, లేకపోతే ప్యానెల్ మీద కనిపించవు. మొదటిరోజు ఖాళీ ప్యానెల్ చూసి గంట తల పట్టుకున్నా. కానీ తెలుగుకి అదే మేలైంది. గీతలే కాబట్టి వత్తులు ఎక్కడివక్కడ నిలబడ్డాయి. మౌస్ పెడితే వచ్చే పేర్లు మాత్రం ఇంగ్లీషులోనే ఉంచేశా. విండోస్‌లో ఈ పనిముట్లన్నీ పెట్టుకోవడానికే ఒక ఆదివారం పోయింది, అది వేరే గోల.

అసలు దెబ్బ పంచుకున్నాకే తగిలింది. ప్యాచ్‌లో, అంటే మాడ్యూళ్ల అమరికని దాచుకునే ఫైల్లో, నాబ్‌లు పేర్లతో కాదు, వరస నంబర్లతో సేవ్ అవుతాయి. శ్రుతి 0, రాగం 1. కొత్త వెర్షన్‌లో ఆ రెంటి మధ్య స్థాయి నాబ్ ఇరికించా. మర్నాడు పొద్దున్నే అక్క ఫోను: "ఒరేయ్, సరళీ వరసలకి కనకాంగి వస్తోంది, పైగా కీచుమంటోంది, పిల్లలు చెవులు మూసుకున్నారు!" సరళీ వరసల రాగం మాయామాళవగౌళ నంబరు పోయి స్థాయిలో పడింది, రాగం మొదటి మేళానికి తిరిగొచ్చింది. కొత్త నాబ్ ఎప్పుడూ వరస చివరే చేర్చాలని డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. చదవనిది నేనే.

పంచుకోవడం అనుకున్నంత కష్టం కాదు. సోర్స్ కోడ్ బయట పెట్టి రాక్ వాళ్ల మాడ్యూళ్ల లైబ్రరీకి పంపితే విండోస్, మ్యాక్, లినక్స్‌కి వాళ్లే బిల్డ్ చేస్తారు. నా దగ్గర మ్యాక్ లేదు కాబట్టి ఇది పెద్ద ఉపకారం. వెర్షన్‌లో మొదటి అంకె రాక్ వెర్షన్‌తో కలవాలి. 2021 నవంబరులో రాక్ 2 వచ్చినప్పుడు అందుకే మళ్లీ కూర్చోవాల్సొచ్చింది, ఒక్క రాత్రిలో తేలింది. ఇంకోటి, లోపలి గుర్తింపు పేరు ఒకసారి విడుదలైతే మార్చకూడదు, పాత ప్యాచ్‌లు దాన్నే వెతుక్కుంటాయి. తొందరలో "శ్రుతి-టెస్ట్" అని ఇంగ్లీషులో కొట్టా. పైన కనిపించే పేరు తర్వాత మార్చుకున్నా గానీ లోపల అది ఇప్పటికీ టెస్టే.

పాత ల్యాప్‌టాప్‌లో ముప్పై మాడ్యూళ్లు దాటితే తెర ఈడ్చుకుంటూ కదులుతుంది. అక్క ప్యాచ్‌లో తొమ్మిదే ఉన్నాయి, హాయిగా నడుస్తోంది. కాంభోజి పాఠం వచ్చినరోజు మాత్రం నేనంత కష్టపడి రాసినదాన్ని పక్కకు నెట్టి వీణే పట్టుకుంటుంది.