ఏడేళ్లుగా స్పెక్ట్రో వాడాక: అంకె సరే అంది, పెళ్లికూతురి తల్లి సరే అనలేదు

పెళ్లి ఆల్బమ్‌లలో రంగు ఎంత తప్పిందో చూసుకోడానికి స్పెక్ట్రోఫొటోమీటర్ కొని ఏడేళ్లయింది. రంగులు సరిచూసుకోడానికి వాడే కలర్‌చెకర్ కార్డులోని 24 రంగు గడుల ఫైలును ఆల్బమ్‌తో పాటే ప్రింటు వేయిస్తాను. వచ్చాక ఒక్కో గడి మీదా యంత్రం పెడితే, ఉండాల్సిన రంగుకీ వచ్చిన రంగుకీ ఎంత తేడానో డెల్టా ఈ అనే ఒక్క అంకెలో చెప్పేస్తుంది.

మొదటి ఏడాది ఆ 24 తేడాల సగటు చూసుకుని మురిసిపోయేవాణ్ని. ఒక ఆల్బమ్‌కి 2 చిల్లర వచ్చింది, ఇంకేం కావాలి? పెళ్లికూతురి తల్లి మొదటి పేజీ తిప్పగానే, "ఇదేంటి బాబూ, మా పిల్లకి కామెర్లొచ్చినట్టుంది" అంది. ఇంటికొచ్చి గడి గడీ చూశాను. నీలం గడిలో తేడా 6, దాని ఊసే ఎవరూ ఎత్తలేదు. చర్మం గడిలో 4 మాత్రమే, కానీ ఆకుపచ్చ కలిసిన పసుపు వైపు జారింది. ఎంత జారిందో డెల్టా ఈ చెబుతుంది, ఎటు జారిందో చెప్పదు. అదే 4 ఎరుపు వైపు జారుంటే "పిల్ల కళకళ్లాడుతోంది" అనేదేమో!

సగటు చూడటం ఆ రోజుతో సరి. రెండు చర్మం గడులు, అడుగు వరుసలోని బూడిద గడులు, వీటి ఏ (ఆకుపచ్చ వైపా ఎరుపు వైపా), బీ (నీలం వైపా పసుపు వైపా) విలువలు విడిగా చూస్తాను. బూడిదలో ఏ రంగు పొడ తగిలినా మధుపర్కాల తెలుపు పట్టిచ్చేస్తుంది.

వెలుగు ఇంకో తలనొప్పి. నా యంత్రం డెల్టా ఈ లెక్క డీ50 అనే ప్రామాణిక పగటి వెలుగుకి. షాపులో ఎల్‌ఈడీ కింద కవలల్లా ఉన్న మ్యాట్, గ్లాసీ ప్రింట్లు వాకిట్లోకి తెస్తే వేరైపోయాయి. కాగితం తెల్లగా కనబడాలని కలిపే బ్రైటెనర్లు ఎండలోని అతినీలలోహిత కిరణాలకి నీలంగా మెరుస్తాయి మరి.

ఒకే ఫొటోని మూడు రకాలుగా వేసి చూపిస్తే, కొలతకి సరిపోయినదాన్ని కాదని కాస్త నిండు రంగున్నదే ఎక్కువమంది తీసుకున్నారు. పట్టుచీర వరకు నేనూ ఒప్పుకుంటాను. "అమ్మాయి రంగు కొంచెం తేల్చండి" అంటే మాత్రం చెయ్యను.

కొనొచ్చా అంటే, ప్రింటు వేసే ల్యాబ్‌తో వాదన ఉన్నవాళ్లు కొనండి. "మా మిషన్ బాగానే ఉంది సార్" అన్నప్పుడు పోయిన నెల కొలతలూ ఈ నెలవీ పక్కపక్కన పెడతాను. మారుమాట లేకుండా మళ్లీ వేసిస్తారు. కాలిబ్రేషన్‌కి, అంటే యంత్రాన్ని సరిచూసుకోడానికి, ఇచ్చే తెల్ల పలక మీద మాత్రం దుమ్ము పడనివ్వకండి, నేనొకసారి ల్యాబ్‌వాళ్లతో అనవసరంగా పోట్లాడింది అందుకే.