కైనెటిక్ మోడల్‌కు పాత కొలతల సాయం: ఏది మేలు?

తార్నాకలో నేను పనిచేసే ల్యాబులో పోయిన నెల ఒక విద్యార్థిని నా ముందు గ్రాఫు పరిచింది. గ్లూకోజును ఫ్రక్టోజుగా మార్చే గ్లూకోజ్ ఐసోమరేజ్ ఎంజైమ్ వేగాలవి. ఆ వేగాలను లెక్కగట్టే సూత్రమే కైనెటిక్ మోడల్, దాన్ని కొలిచిన చుక్కలకు సరిపెట్టడమే ఫిట్. గ్లూకోజ్ గాఢత 5 నుంచి 30 మిల్లీమోలార్ వరకు. చుక్కలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే గీత మీద ఉన్నాయి. "ఫిట్ బాగా కుదిరింది సార్, కేఎం 3000, వీమ్యాక్స్ 600 వచ్చాయి" అంది. వీమ్యాక్స్ అంటే ఎంజైమ్ అందుకోగల గరిష్ఠ వేగం, కేఎం అంటే అందులో సగం వేగం వచ్చే గ్లూకోజ్ గాఢత.

నేను కేఎం 300, వీమ్యాక్స్ 60 వేసి చూపించాను. 30 మిల్లీమోలార్ దగ్గర ఆమె విలువలతో వేగం 5.94, నా విలువలతో 5.45. ఆమె కొలతల్లో పొరపాటే పది శాతం దాకా ఉంది కాబట్టి రెండు జవాబులూ ఆ చుక్కలకు సరిపోతాయి. వంపు లేని గీత నుంచి తెలిసేది వీమ్యాక్స్‌ను కేఎంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఒక్కటే. డేటాను తప్ప దేన్నీ నమ్మనని కూర్చుంటే అంతకు మించి రాదు.

అందుకే ఇతరులు ఇంతకుముందు ప్రచురించిన కొలతల సాయం కావాలి. మరి ఆ పాత కొలతలను ఎలా వాడాలి? చాలామంది ఎంజైమ్‌ల కొలతలను పోగుచేసిన బ్రెండా డేటాబేస్‌లో ఒక కేఎం విలువ తీసుకుని మోడల్‌లో మేకు కొట్టేస్తారు. పని తొందరగా అవుతుంది, కానీ నాకు ఇదే అన్నిటికంటే ప్రమాదకరంగా తోస్తుంది. ఆ విలువ వేరే సూక్ష్మజీవి ఎంజైమ్‌ది కావచ్చు, వేరే ఉష్ణోగ్రతలో కొలిచింది కావచ్చు. ఈ ఎంజైమ్‌కు మెగ్నీషియం కావాలి, కాల్షియం తగిలితే మందగిస్తుంది. హైదరాబాద్ బోరు నీళ్లు బకెట్ అడుగున వదిలే తెల్లపొర తెలిసినవారికి ఆ తేడా ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. మేకు కొట్టిన విలువలోని తప్పు మిగతా పారామీటర్లలోకి, అంటే మోడల్‌లో మనం వెతికే ఇతర విలువల్లోకి, పాకుతుంది, పైగా ఎక్కడా బయటపడదు.

కేఎం 10కీ 1000కీ మధ్య ఉండాలని హద్దులు పెట్టడం కొంత నయం. కానీ డేటా బలహీనంగా ఉంటే ఫిట్ వెళ్లి హద్దుకే అతుక్కుంటుంది.

నా ఓటు ప్రయర్‌కే, అంటే డేటా చూడకముందే వ్యాప్తితో సహా చెప్పుకునే అంచనాకే. కేఎం 300 చుట్టూ ఉండవచ్చు, మూడు రెట్లు అటూ ఇటూ అయినా ఆశ్చర్యం లేదు అని తేడాను రెట్లలో చూపే లాగ్ స్కేలు మీద చెబుతాం, అంటే 100 నుంచి 900 వరకు. డేటాకు బలం ఉంటే ఆ అంచనాను పక్కకు లాగుతుంది. లేకపోతే అంచనా ఉన్నచోటే ఉంటుంది, ఆ సంగతీ మనకు కనిపిస్తుంది.

ఒక్కచోట మాత్రం మెత్తదనం కూడదు. 1930లో బ్రిటిష్ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ చూపిన సంబంధం ప్రకారం, రెండు దిశల (గ్లూకోజ్ నుంచి ఫ్రక్టోజ్‌కు, తిరిగి గ్లూకోజ్‌కు) వీమ్యాక్స్‌లు, కేఎంలు కలిసి సమతుల్య స్థిరాంకాన్నే, అంటే చర్య నిలకడకు వచ్చాక ఫ్రక్టోజ్‌ను గ్లూకోజ్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తినే, ఇవ్వాలి. గ్లూకోజ్–ఫ్రక్టోజ్‌కు 60 డిగ్రీల దగ్గర అది సుమారు 1. ఎంజైమ్ ఏ జీవిదైనా ఆ విలువ మారదు. అందుకే దాన్ని కచ్చితమైన షరతుగా పెట్టాలి. నాలుగు పారామీటర్లలో స్వేచ్ఛగా తిరిగేవి అప్పుడు మూడే.

ఆమె అలాగే చేసింది. కేఎంకు ఫిట్ తర్వాత వచ్చిన వ్యాప్తి, ముందు పెట్టిన ప్రయర్ వ్యాప్తి దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కాసేపు తెరను చూస్తూ ఉండిపోయింది. మర్నాడు నేను వచ్చేసరికి బల్ల మీద 300, 600, 900 మిల్లీమోలార్ అని రాసిన మూడు సీసాలు ఉన్నాయి.