ఓవర్‌డ్రైవ్ పడట్లేదా? స్కానర్, ఆయిల్, గేర్ బాక్స్ దించడం: ముందు ఏది మేలు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఆటోమేటిక్ గేర్ల పికప్‌లు ఇప్పటికీ తక్కువే. అందుకే ఓవర్‌డ్రైవ్ పడట్లేదని షెడ్డుకు తీసుకెళ్తే "గేర్ బాక్స్ దించాలన్నా" అనే మాట తొందరగా వస్తుంది. ఇంకొకరు గేర్ బాక్స్ ఆయిల్ మార్చి చూద్దామంటారు. బండి కంప్యూటర్‌కు తగిలించి లోపాలు చదివే స్కానర్ పెట్టమనేవాళ్లు తక్కువ. నా ఓటు మాత్రం స్కానర్‌కే. అయితే దానికంటే ముందు రోడ్డు మీద పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది.

ఇంజన్ ఒక చుట్టు తిరిగేలోపు గేర్ బాక్స్ బయటి షాఫ్ట్ ఒకటికి మించి తిరిగితే అది ఓవర్‌డ్రైవ్. పాత నాలుగు గేర్ల బండ్లలో నాలుగోది, ఆరు గేర్ల వాటిలో సాధారణంగా ఐదు, ఆరు. నాలుగు గేర్ల బండే తీసుకుందాం. ఓవర్‌డ్రైవ్ నిష్పత్తి 0.7 అనుకుంటే, మూడో గేరులో 80 స్పీడు దగ్గర 2600 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) ఉన్న ఇంజన్ నాలుగోది పడగానే 1800 చుట్టుపక్కలకు దిగాలి. అంత తేడా చెవికే తెలుస్తుంది.

చాలామంది పొరపడేది ఇక్కడే. ఓవర్‌డ్రైవ్ పడ్డాక, ఇంజన్ తిప్పుడును ఆయిల్ ద్వారా గేర్ బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ జారకుండా లాక్ అవుతుంది, అప్పుడు ఇంకో రెండు మూడు వందల ఆర్పీఎం తగ్గుతుంది. ఆ లాక్ పడకపోయినా "టాప్ గేరు రావట్లేదు" అనే అంటారు. తేడా పట్టాలంటే జడ్చర్ల దగ్గర 44వ నంబరు హైవే లాంటి చదును రోడ్డు కావాలి, వెనక బండ్లు ఉండకూడదు. ఇంజన్ బాగా వేడెక్కాక 80 దగ్గర యాక్సిలరేటర్ కదపకుండా పట్టుకుని, ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను తాకీ తాకనట్టు నొక్కండి. బ్రేక్ పట్టకూడదు, వెనక లైటు వెలగాలి, అంతే. ఆర్పీఎం కొంచెం లేచి, కాలు తీయగానే మళ్లీ దిగితే లాక్ పనిచేస్తున్నట్టే. ముల్లు కదలకపోతే లాక్ పడలేదన్నమాట. ఈ పరీక్ష మన్ననూరు ఘాట్ ఎక్కుతూ చేయొద్దు. బత్తాయి లోడుతో ఎత్తు ఎక్కే బండికి ఓవర్‌డ్రైవ్ రాకపోవడం జబ్బు కాదు. పొద్దున్నే చల్లటి ఇంజన్‌తో చూడటమూ దండగే, చాలా బండ్లలో ఇంజన్ వేడెక్కేదాకా కంప్యూటరే ఆ గేరును ఆపుతుంది. రేడియేటర్‌కు నీళ్లు వదిలే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయి ఇంజన్ సరిగ్గా వేడెక్కకపోయినా అంతే.

ఇక స్కానర్. లోపం చెప్పే కోడ్ చదివి వదిలేస్తే సగం పనే అయినట్టు. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, బండి నడుస్తుండగా లైవ్ డేటా చూడమనండి. కంప్యూటర్ ఓవర్‌డ్రైవ్‌కు ఆర్డర్ ఇస్తోందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఇవ్వట్లేదంటే గేర్ బాక్స్‌ను అనుమానించే ముందు గేరు రాడ్ మీది ఓవర్‌డ్రైవ్ బటన్, దాని లోపలి వైరు, స్పీడ్ సెన్సార్, థ్రాటిల్ సెన్సార్, ఇంజన్ వేడి చూపే సెన్సార్ చూడాలి. రైస్ మిల్లు పక్కనో ధాన్యం గోదాం దగ్గరో నిలిపే బండి అయితే ముందు వైరింగ్ చూడండి, ఎలుకలు కొరికి ఉండొచ్చు. ఇదంతా ఆటో ఎలక్ట్రీషియన్ పని.

ఆర్డర్ ఇస్తున్నా ఆర్పీఎం దిగకపోతే అనుమానం సొలెనాయిడ్ (కరెంటుతో ఆయిల్ దారి తెరిచి మూసే వాల్వ్), వాల్వ్ బాడీ (ఆయిల్ దారులున్న భాగం), లేదా లోపలి క్లచ్ ప్లేట్ల మీద. ఇక్కడ కూడా సొలెనాయిడ్‌దే ముందు వంతు. చాలా బండ్లలో గేర్ బాక్స్ కింది ఆయిల్ పాన్ విప్పితే అందుతుంది, మీటర్ పెట్టి ఓమ్స్ కొలవొచ్చు. ఎంత ఉండాలో ఆ మోడల్ మాన్యువల్ చూసే తేల్చాలి, నోటి లెక్క పనికిరాదు.

ఆయిల్ మార్పు మరి? లెవెల్ తక్కువున్నా, ఆయిల్ పాతబడినా గుణం కనిపిస్తుంది. కానీ ఒకసారి డ్రెయిన్ చేస్తే వచ్చేది మూడో వంతు నుంచి సగం దాకానే, మిగతాది ఎక్కువగా కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. చాలా కొత్త బండ్లలో ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ కూడా ఉండదు. ఆయిల్‌ను నిర్ణీత వేడికి తెచ్చి, ప్లగ్ విప్పి లెవెల్ చూడాలి. ఆ పద్ధతి తెలియని చోట మార్పించడం కంటే మానుకోవడమే నయం. ఆయిల్ నల్లబడి మాడు వాసన కొడుతూ, పాన్‌లో లోహపు తునకలు కనిపిస్తే ప్లేట్లు అరిగినట్టే. ఎంత ఖరీదైన కొత్త ఆయిల్ పోసినా అవి తిరిగి రావు.

అప్పుడు దించడం తప్పదు. ఆ మాడిన ఆయిల్, తునకలు కళ్లారా చూశాక, ఆర్డర్ అందుతున్నా గేరు జారుతోందని లైవ్ డేటాలో తేలాక దించండి. ఆ పనికి హైదరాబాద్ ఆటోనగర్ దాకా పోవాల్సి వస్తే, స్కానర్ రిపోర్టు ఫోన్‌లో పెట్టుకుని పోండి.

అప్పటిదాకా బండి నడపొచ్చా అంటే, మూడో గేరులోనే గట్టిగా పట్టి పోతున్న బండికి డీజిల్ ఎక్కువ తాగడం తప్ప పెద్ద ప్రమాదం లేదు. స్పీడు తగ్గించి, లోడు తేలిగ్గా పెట్టుకోండి. గేరు పడి జారుతుంటే మాత్రం ఓవర్‌డ్రైవ్ బటన్ ఆఫ్ చేయండి. అయినా జారుతుంటే టోయింగ్ పిలవండి, జారే ప్లేట్ల వేడికి మిగిలినవి కూడా మాడిపోతాయి.