వేసవి దాణా: మొక్కజొన్న రవ్వతో ఆవుల మేతలో వచ్చిన మార్పు

చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే దారిలో, రైతు అడిగిన పాళ్లలో గింజలు ఆడించి దాణా కలిపి ఇచ్చే ఒక చిన్న మిల్లు ఉంది. అక్కడ వేసవి కోసమని విడిగా అమ్మే మొక్కజొన్న దాణాను మా సంకరజాతి ఆవులకు ఎండాకాలమంతా మేపాము. ఎన్ని లీటర్లు పెరిగాయన్నది ఎవరైనా లెక్క వేస్తారు. ఆవు గాడి దగ్గరికి ఎన్నిసార్లు వచ్చింది, పడుకుని ఎంతసేపు నెమరు వేసింది అన్నదే వేసవి దాణాకు అసలైన పరీక్ష అని నా అభిప్రాయం.

ఎండ ముదిరితే ఆవు పగటి మేత తగ్గించుకుని, చల్లబడ్డాక ఒక్కసారిగా ఎక్కువ తింటుంది. అందులోనూ గడ్డిని వదిలి దాణాను ఏరుకుంటుంది. నెమరు తగ్గడంతోనూ, రొప్పుతూ చొంగ కార్చడంతోనూ, పొట్టలోని ఆమ్లాన్ని అదుపులో ఉంచే లాలాజలం లోపలికి తక్కువగా చేరుతుంది. అటువంటప్పుడు గోధుమ పిండి గానీ పెళ్లిళ్లలో మిగిలిన అన్నం గానీ పెడితే, వాటిలోని పిండిపదార్థం మొదటి పొట్టలో వేగంగా పులిసి ఆమ్లాన్నీ వేడినీ కలిపి పెంచుతుంది. మొక్కజొన్న, జొన్న నెమ్మదిగా పులుస్తాయి. వాటి పిండిపదార్థంలో కొంత భాగం చిన్నపేగుకు చేరి అక్కడ అరుగుతుంది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గొర్రెలపై చేసిన ప్రయోగాల్లోనూ, గోధుమకు బదులు మొక్కజొన్న మేపినప్పుడు వేడి ఒత్తిడి తగ్గింది.

మా కొట్టంలో కనిపించిన మార్పు దీనికి తగినట్లే ఉంది. ఇంతకుముందు గోధుమ పిండి ఎక్కువగా ఉన్న దాణాను ఆవులు గబగబా నాకేసి, మధ్యాహ్నమంతా నేపియర్ గడ్డిని ముట్టకుండా రొప్పుతూ నిలబడేవి. ఈ దాణాను నిదానంగా తిని, గడ్డి కోసం మళ్లీ మళ్లీ గాడి దగ్గరికి వచ్చాయి, ఎండవేళలోనూ పడుకుని నెమరు వేశాయి. పాలలో వెన్న శాతం మునుపటి వేసవిలో పడినంతగా పడలేదు. ఇందులో కొంత గోధుమ పొట్టు కలుస్తుంది గానీ, పొట్టులో పిండిపదార్థం తక్కువ కనుక దానికి నేను అభ్యంతరం చెప్పను.

నా అభ్యంతరమంతా రవ్వ ఎంత ముతకగా ఉందన్నదానిపైనే. ఒక్కో విడతలో మొక్కజొన్న రవ్వగా కాక మెత్తని పిండిగా వచ్చింది. గింజను అంత మెత్తగా ఆడిస్తే అదీ త్వరగానే పులుస్తుంది కాబట్టి మొక్కజొన్నను ఎంచుకున్న ప్రయోజనం చాలావరకు పోతుంది. బస్తాపై పాళ్లూ, తేమ శాతమూ ముద్రించకపోవడం మరో లోపం. పశువుల దాణాలో తేమ 11 శాతం మించరాదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. తడిసిన మొక్కజొన్నకు పట్టే బూజులోని అఫ్లాటాక్సిన్ అనే విషం పాలలోకి కూడా వస్తుంది కనుక ఈ విషయంలో మిల్లువారు మాటతో సరిపెట్టకూడదు.

దగ్గరుండి ముతకగా ఆడించుకోగలిగిన పాడి రైతులకు ఈ దాణాను నిస్సంకోచంగా సూచిస్తాను. బస్తాలు ఇంటికి తెప్పించుకునేవారు ముందుగా ఒక్క బస్తా విప్పి, గుప్పెడు దాణా చేతిలోకి తీసుకుని చూడాలి. పాత దాణా నుంచి వారం, పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చి, ఎక్కువ భాగాన్ని తెల్లవారుజామున, రాత్రిపూట పెట్టండి.