చీనీ కమ్, దే దే ప్యార్ దే: టబు రెండింట్లోనూ ఉంది, ఏది చూడాలి?

పెద్ద వయసు హీరో, కూతురి ఈడు హీరోయిన్. ఇది మనకి కొత్తేం కాదు, చూస్తూనే పెరిగాం. కాకపోతే ఆ సినిమాల్లో కథకి ఆ సంగతి పట్టదు, చూసేవాడే వేళ్ల మీద లెక్కేసుకోవాలి. ఆ లెక్కని దాచకుండా కథలోకే తెచ్చి నవ్వించిన హిందీ సినిమాలు అనగానే నాకు గుర్తొచ్చేవి చీనీ కమ్, దే దే ప్యార్ దే. (రెండు కథలూ కొంత బయటపెడుతున్నాను, చూడనివాళ్లు జాగ్రత్త.)

చీనీ కమ్ 2007లో వచ్చింది. దర్శకుడిగా ఆర్. బాల్కీకి అదే మొదటి సినిమా. లండన్‌లో ఇండియన్ రెస్టారెంట్ నడిపే 64 ఏళ్ల షెఫ్‌గా అమితాబ్, 34 ఏళ్ల అమ్మాయిగా టబు. విడుదల నాటికి అమితాబ్ అసలు వయసు కూడా 64, టబుకి 35. అంటే ఎవరి వయసూ దాచే పని పెట్టుకోలేదన్నమాట. దే దే ప్యార్ దే 2019ది. అందులో అజయ్ దేవగన్‌కి 50, రకుల్ ప్రీత్ సింగ్‌కి 26. టబు ఈసారి అజయ్‌కి దూరంగా ఉంటున్న భార్య. పన్నెండేళ్ల కింద పెద్దాయన్ని ప్రేమించిన అమ్మాయి, ఇప్పుడు చిన్నపిల్లని వెంటేసుకొచ్చిన మొగుణ్ణి గుమ్మంలో చూస్తుంది.

ఇలాంటి సినిమాలకి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. వయసు గొడవ తీసేస్తే ఆ ఇద్దరికీ మాట్లాడుకోడానికి ఇంకేమైనా మిగులుతుందా?

చీనీ కమ్‌లో బోలెడు మిగులుతుంది. టబు హైదరాబాదీ జాఫ్రానీ పులావు తియ్యగా ఉందని వెనక్కి పంపుతుంది. తన వంటకి వంక పెట్టడమా అని అమితాబ్ ఒంటికాలి మీద లేస్తాడు. ఆమె తిరిగి ఒక్క మాట అనదు, అదే పులావు తను వండి పంపిస్తుంది. తప్పు తన వంటింట్లోనే జరిగిందని అతనికి తర్వాత తెలుస్తుంది. పొగరుబోతు మగాడి నోరు ఇంత నెమ్మదిగా మూయించిన సీన్ హిందీలో నేను ఎక్కువగా చూడలేదు. అక్కణ్ణుంచి ఇద్దరూ సమానంగా పోట్లాడుకుంటారు. వయసు మీద జోకులున్నాయి గానీ ఎక్కువగా వాళ్లలో వాళ్లే వేసుకుంటారు. ఆ చెట్టు దాకా పరిగెత్తి రమ్మని ఆమె అడిగితే, ఎందుకో తెలియకుండానే ఆయాసపడుతూ వెళ్లొస్తాడు చూడండి, అక్కడ నవ్వు ఆపుకోలేం.

సెకండాఫ్ అలా ఉండదు. అమ్మాయి తండ్రి పరేశ్ రావల్ కాబోయే అల్లుడి కంటే చిన్నవాడు. ఈ ఒక్క ముడి చాలు, అరగంట నవ్వించొచ్చు. కానీ ఆయన నిరాహార దీక్షకి కూర్చుంటాడు, కథ కూడా ఆయనతో పాటే కూర్చుండిపోతుంది. దాని పక్కనే క్యాన్సర్‌తో ఉన్న పక్కింటి చిన్నపిల్ల కథ. ఆ పాప మాటలు ముద్దుగానే ఉంటాయి, కానీ ఆ కన్నీళ్లు ఈ సినిమావి కావనిపించింది. ఇళయరాజా సంగీతం మాత్రం చివరిదాకా కాపాడుతుంది. టైటిల్ పాట వినగానే 1986 నాటి తమిళ సినిమా మౌనరాగంలో పాట గుర్తొస్తుంది, ట్యూన్ అదే.

దే దే ప్యార్ దే సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. మొదటి సగం లండన్‌లో ఫ్లాటూ పార్టీలూ ఫ్రెండ్ సలహాలూ, అంతా చూసేసినట్టే ఉంటుంది. రకుల్ హుషారుగానే చేసింది, పాపం ఆమెకి ఇతనిలో ఏం నచ్చిందో రాసినవాళ్లే చెప్పలేదు. ఇండియాలో అజయ్ సొంతింటికి వచ్చాక సినిమా లేచి కూర్చుంటుంది. అక్కడ భార్య, పిల్లలు, అమ్మానాన్న, కూతురి పెళ్లి మాటలు. ఆ హడావిడిలో రకుల్‌ని సెక్రటరీ అని పరిచయం చేయాల్సి వస్తుంది. పెద్దవాళ్ల ప్రేమకి వెనకాల ఒక పాత సంసారం ఉంటుందన్న సంగతి చీనీ కమ్ తప్పించుకుంది, అందులో హీరో బ్రహ్మచారి. ఈ సినిమా తప్పించుకోలేదు. ఆ మార్కు ఇవ్వాలి.

అయితే ఒక చిక్కుంది. అజయ్, టబు ఒక ఫ్రేమ్‌లోకి వచ్చారంటే మన కళ్లు వాళ్ల మీదే. 1994లో విజయ్‌పథ్ నుంచీ కలిసి చేస్తున్నవాళ్లు, ఒక చూపుతో పదేళ్ల కాపురం చెప్పేస్తారు. చిన్నమ్మాయితో ప్రేమని గెలిపించాలని తీసిన సినిమాలో ఈడుజోడే మనసు దోచుకుంటే ఎలా?

ఆ తూకమే కావాలని వేసిన సినిమా చూడాలంటే 2003 నాటి హాలీవుడ్ సినిమా సమ్‌థింగ్స్ గాటా గివ్ ఉంది. చిన్నమ్మాయిల వెంట తిరిగే ముసలి సోగ్గాడు జాక్ నికల్సన్, ఆ అమ్మాయిల్లో ఒకరి తల్లి డయాన్ కీటన్‌తోనే ప్రేమలో పడతాడు. కీటన్ కంటే బాగా చిన్నవాడైన డాక్టర్ కియాను రీవ్స్ కూడా ఆమెనే ఇష్టపడతాడు. చివర్లో ఆ డాక్టర్‌ని మర్యాదగా పక్కకి పంపేస్తారు. నా ఓటు ఇప్పటికీ ఆయనకే.

ఒక్క సాయంత్రమే ఖాళీ ఉంటే చీనీ కమ్ పెట్టుకోండి, దీక్ష దగ్గర కాఫీకి లేచినా నష్టం లేదు. దే దే ప్యార్ దే అయితే టబు వచ్చే దాకా జరిపేసి, అక్కణ్ణుంచి చూడండి.