మాక్రోలో ఎర్రర్ వస్తే దాటేయాలా, ఆగి చూడాలా, పట్టుకోవాలా?

నెలాఖరు. జీతాల షీటు సాయంత్రంలోగా పంపాలి. మాక్రో (ఎక్సెల్ పనిని తనంతట తానే చేసే కోడ్) మధ్యలో ఆగిపోయి ‘రన్-టైమ్ ఎర్రర్ 1004’ అని చిన్న బాక్సు వస్తుంది. ఆ టెన్షన్ అకౌంట్స్‌లో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. అప్పుడు ఎక్సెల్ వీబీఏలో, అంటే మాక్రోలు రాసే భాషలో, మనకు మూడు దారులున్నాయి.

అన్నిటికన్నా సులువైంది, పైన ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’ (ఎర్రర్ వచ్చినా తర్వాతి లైనుకు వెళ్లు) అని ఒక లైను పెట్టేయడం. బాక్సు మళ్లీ రాదు. నేనూ ఒకసారి ఇదే చేశాను. ఓటీ (ఓవర్‌టైమ్) రేటును వీలుకప్‌తో, అంటే పట్టికలో వెతికి విలువ తెచ్చే ఫంక్షన్‌తో, తెచ్చి, వేరియబుల్‌లో (విలువ దాచుకునే పేరులో) పెట్టుకుని, గంటలతో గుణించే లూప్ అది. కొత్తగా చేరిన హెల్పర్ కోడ్ మాస్టర్ షీటులో ఎక్కలేదు. వీలుకప్ ఫెయిలైంది, మాక్రో ఆ లైను దాటేసింది, వేరియబుల్‌లో మాత్రం పై వరసలో ఉన్న సీనియర్ ఆపరేటర్ రేటు అలాగే ఉండిపోయింది. ఆ రేటుతోనే కుర్రాడికి జీతం పడింది. మరుసటి నెల కోత పెట్టి సర్దాం. అతను నా టేబుల్ దగ్గరికొచ్చి ‘ఎందుకు తగ్గింది సార్?’ అని అడిగితే నాకు నోట మాట రాలేదు.

ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. ఇఫ్ షరతులోనే ఎర్రర్ వస్తే, రెజ్యూమ్ నెక్స్ట్ తర్వాతి లైనుకు వెళ్తుంది. ఆ లైను ఇఫ్ లోపలిదే! అంటే ‘సున్నా అయితే వరస డిలీట్ చెయ్యి’ అని కింది లైనులో రాసి ఉండి, ఆ సెల్‌లో #ఎన్/ఏ (విలువ దొరకలేదనే ఎర్రర్) ఉంటే, వరస ఎగిరిపోతుంది. మాక్రో చేసిన మార్పు కంట్రోల్ జెడ్‌తో వెనక్కి రాదు.

రెండోది, డీబగ్ బటన్ నొక్కడం. ఎర్రర్ వచ్చిన లైను పసుపు రంగులో వెలుగుతుంది. వేరియబుల్ మీద మౌస్ పెడితే విలువ కనిపిస్తుంది, ఎఫ్8తో ఒక్కో లైనూ నడిపించవచ్చు. కారణం కనుక్కోవడానికి దీన్ని మించింది లేదు. ఎర్రర్ 9 వచ్చి, షీటు ఎదురుగానే ఉన్నా లేదంటోందా? కంట్రోల్ జీ నొక్కి, ఇమీడియెట్ విండోలో షీటు పేరు పొడవు అడగండి. అయిదక్షరాల పేరుకు 6 వస్తే చివర ఎవరో స్పేస్ కొట్టారన్నమాట. ఎర్రర్ 6 (సంఖ్య పట్టలేదని) అయితే వరస నంబరును ఇంటీజర్‌లో పెట్టారేమో చూడండి. ఇంటీజర్ 32,767 దాటదు, షీటులో 10,48,576 వరసలుంటాయి. లాంగ్ అని మార్చితే చాలు. పాత మాక్రోలో ఎవరో రెజ్యూమ్ నెక్స్ట్ పెట్టేసి ఉంటే, టూల్స్, ఆప్షన్స్, జనరల్‌లో ‘బ్రేక్ ఆన్ ఆల్ ఎర్రర్స్’ ఎంచుకోండి, కోడ్ ముట్టుకోకుండానే అసలు చోట ఆగుతుంది.

కానీ మన మాక్రో పక్క సెక్షన్ వాళ్లు వాడితే వాళ్లకు ఆ పసుపు లైను అర్థం కాదు. ఎండ్ నొక్కేస్తారు. మాక్రో ఎనేబుల్ ఈవెంట్స్ (షీటులో మార్పు జరిగితే కోడ్ తనంతట తానే నడిచేలా చేసే సెట్టింగ్) ఆపి ఉంటే అది ఆగే ఉండిపోతుంది.

అందుకే ఇంకొకరి చేతికిచ్చే ముందు మూడోది, అంటే ‘ఆన్ ఎర్రర్ గోటూ’, పెట్టాలి. ఎర్రర్ రాగానే కింద రాసిన లేబుల్‌కు (పేరు పెట్టిన చోటుకు) వెళ్లి నంబరు, వివరం, ఏ వరసలో ఆగిందో చెప్పించవచ్చు, ఆపినవన్నీ మళ్లీ ఆన్ చేయవచ్చు. లేబుల్‌కు ముందు ఎగ్జిట్ సబ్ (మాక్రోను అక్కడితో ముగించే లైను) మరిచిపోతే మాత్రం ఎర్రర్ లేకపోయినా అక్కడికి వెళ్తుంది.

నా మటుకు, రాసేటప్పుడు రెండోది, ఇచ్చేటప్పుడు మూడోది. మొదటిది షీటు ఉందో లేదో చూసే ఒక్క లైనుకే వాడతాను, వెంటనే ఆ దాటేయడాన్ని ఆపే ‘ఆన్ ఎర్రర్ గోటూ 0’ పెట్టేస్తాను.

ఆ ఓటీ మాక్రోలో వీలుకప్ ముందున్న ‘వర్క్‌షీట్ ఫంక్షన్’ అనే మాట తీసేసి అప్లికేషన్ డాట్ వీలుకప్ పెట్టాను. కోడ్ దొరక్కపోతే మాక్రో ఆగదు, ఎర్రర్ విలువ చేతికిస్తుంది. దాన్ని వేరియంట్‌లో (ఏ రకం విలువైనా పట్టే వేరియబుల్‌లో) తీసుకుని ఈజ్ ఎర్రర్‌తో చూసి, ఆ వరసకు రంగు వేయిస్తున్నాను. జీతాలు పంపే ముందు రంగు పడ్డ పేర్లన్నీ ఒక్కొక్కటీ నేనే చూస్తాను.